పేరు లేని తుపాను



క్లాసులో ఏడాదికొకసారైనా ఎవరో ఒకరు లేచి అడుగుతారు. "మేడమ్, కులం లేని చోటు ఈ దేశంలో ఒక్కటైనా ఉందా?"

ఉందని చెప్తాను. కాగితం మీద ఉంది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల పేజీ తీయండి. మొత్తం జనాభా 3 లక్షల 80 వేలు. షెడ్యూల్డ్ తెగలు ఏడున్నర శాతం. షెడ్యూల్డ్ కులాలు సున్నా. తక్కువ అని కాదు, అక్షరాలా సున్నా.

ఆ సున్నాలో నేను కొత్త కాపురం చేశాను. 2014 మే నుంచి 2017 మొదటి దాకా, నీల్ అనే చిన్న దీవిలో. ఈ వారం ఆ కాపురం గురించీ, అక్కడి వానల గురించీ, ఆ సున్నా గురించీ రాస్తాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా వైపు నుంచి అండమాన్ వెళ్లడం వింతేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వేటకీ, తాపీ పనులకీ, రేవు పనులకీ జనం తరాలుగా పోతూనే ఉన్నారు. అదే లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. విశాఖ రేవులో ఓడెక్కితే రెండున్నర రోజుల సముద్రం. మా మామగారు అలాగే వెళ్లారు. చోడవరం దగ్గర చెరుకు కోతల్లో కూలి గిట్టక, 1980ల్లో తాపీ పట్టుకుని ఓడెక్కారు. మా ఆయన పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టి పెరిగాడు. కరెంటు పని నేర్చుకున్నాడు. పెళ్లి నాటికి నీల్‌లో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. నేను పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను. థీసిస్ ఎక్కడ కూర్చుని రాసినా ఒకటే కదా అనుకుని, ఒక ట్రంకు పెట్టె నిండా జెరాక్స్ కాగితాలు వేసుకుని కాపురానికి వెళ్లాను.

పెళ్లి చోడవరంలో అయింది. ఎండలు మాడ్చేస్తున్నాయి. పసుపు నీళ్లు ఒంటి మీద పడ్డ చోటే ఆరిపోయేవి. ఓడ దిగేసరికి అక్కడ వాన. నైరుతి రుతుపవనం మన దేశంలో ముందు కేరళలో దిగుతుందని చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాం. దానికి పది రోజుల ముందే, మే ఇరవై ఆ ప్రాంతాల్లో, అది అండమాన్‌ని తడిపేస్తుంది. మా అమ్మ ఇంకా రోహిణి కార్తె రాలేదని చూస్తుంటే నేను గొడుగు కింద గిన్నెలు తోముకుంటున్నాను. ఆ వాన సెప్టెంబర్ దాకా. కాస్త తెరిపిస్తే మళ్లీ ఈశాన్య రుతుపవనం, డిసెంబర్ దాకా. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. మా జిల్లాలో కురిసేదానికి రెండు రెట్ల పైమాటే.

నీల్ పోర్ట్ బ్లెయిర్‌కి నలభై కిలోమీటర్ల లోపే. సర్కారు బోటు మీద రెండు గంటలు. మూడు వేల జనం. ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్. ఒక్క పూటలో రామాయణమంతా కాలినడకన తిరిగి రావచ్చు. దీవి పేరు మాత్రం 1857లో అలహాబాద్‌లోనూ కాన్పూర్‌లోనూ జనాన్ని ఉరికంబాలెక్కించిన జేమ్స్ నీల్ అనే ఆంగ్లేయ సైనికాధికారిది. 2018 డిసెంబర్‌లో దాన్ని షహీద్ ద్వీప్ చేశారు. 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. పేర్లు మార్చడం మన ప్రభుత్వాలకి కష్టమైన పనేమీ కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

అక్కడ వాతావరణం ఎలా మారుతుందో చెప్తే నమ్మరు. పొద్దున్న ఐదింటికే కళ్లు చెదిరే ఎండ. బట్టలు ఆరేసి లోపలికొచ్చేలోపు సముద్రం మీద నల్లటి తెర లేస్తుంది. పరిగెత్తి బట్టలు తీసేలోపు వాన తడిపి వెళ్లిపోతుంది. మళ్లీ ఎండ. రోజుకి నాలుగైదు సార్లు ఇదే భాగోతం. సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఎక్కడో తూర్పున ఉన్న దీవికి కూడా ఢిల్లీ గడియారమే కదా.

ఉప్పు డబ్బాలో నీరవుతుంది. అగ్గిపుల్ల గీస్తే మందు రాలిపోతుంది. పెళ్లి పట్టుచీర మడతల్లో బూజు. నా థీసిస్ కాగితాలకి కూడా బూజు పట్టింది. వాటిని పొయ్యి మీద తాడు కట్టి ఒక్కొక్కటీ ఆరేసేదాన్ని. మా ఆయన అన్నం తింటూ తల పైకెత్తి చదివేవాడు. కరెంటు పని చేసే మనిషికి మన సాహిత్య విమర్శంతా అలా పొయ్యి పొగలో పరిచయమైంది. "ఇందులో సగం మాటలు చెప్పిందే చెప్పారు" అన్నాడొకసారి. మా గైడ్ కూడా అదే అన్నారు తర్వాత.

కొత్త కాపురంలో తగాదాలుండవా? ఉంటాయి. కానీ ఇల్లు రేకులది. రేకుల మీద వాన పడుతుంటే పక్కన కూర్చున్న మనిషి మాట వినపడదు. కోపంగా ఏదో అంటాను, "ఏటి?" అంటాడు. మళ్లీ అంటాను, మళ్లీ "ఏటి?" అంటాడు. మూడోసారికి నవ్వొచ్చేసేది. అలిగి పుట్టింటికి పోదామన్నా బోటు నడవాలి కదా. రేవులో హెచ్చరిక జెండా ఎగిరిందంటే బోటు బంద్. సరుకుల కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన మనిషి నాలుగు రోజులు అక్కడే ఉండిపోయేవాడు. ఇటు ఉల్లిపాయలు లేవు, కందిపప్పు లేదు. దీవి నిండా మాత్రం కూరగాయలు. అండమాన్‌కి కూరగాయలు పండించేదే నీల్. బోటు ఆగితే రైతు అమ్ముకోలేడు, ఊరికే ఇచ్చేవాళ్లు. వంకాయ, బీర, ఆనప. ఆ నాలుగు రోజులూ వాటితోనే.

రాత్రి గాలికి చెట్టు పడి తీగలు తెగితే తలుపు కొట్టేవాళ్లు. మా ఆయన టార్చీ పట్టుకుని వానలో వెళ్లేవాడు. కాంట్రాక్టు మనిషి కదా, ముందు పిలిచేది అతన్నే. వీధిలో దీపం వెలిగేదాకా నేను గుమ్మంలో నిలబడేదాన్ని. దీపం వెలిగిందంటే మనిషి బతికి ఉన్నాడని. కొత్త పెళ్లికూతురికి ప్రేమలేఖ అంటే అదే.

ఇక అసలు విషయానికి వస్తాను.

మొదటి నెలలు నాకు నిజంగానే తేలిగ్గా ఉండేది. బావి దగ్గర ఎవరూ జరగలేదు. పక్కింటి బెంగాలీ బౌదీ నా వంటింట్లోకి నేరుగా వచ్చి గిన్నె మూత తీసి చూసేది. పిల్లలు ఏ ఇంట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తినేవాళ్లు. ఇందులో అబద్ధం లేదు, దీనికి చరిత్ర కూడా ఉంది. 1858లో బ్రిటిష్ వాళ్లు అక్కడ ఖైదీల వలస పెట్టారు. ఎక్కడెక్కడి కులాల వాళ్లో అక్కడ ఖైదీలు. శిక్ష తీరినవాళ్లు దొరికిన మనిషిని పెళ్లాడారు. వాళ్ల సంతతిని లోకల్ బార్న్ అంటారు. కులాంతర వివాహమే అసలు మందు అని బాబాసాహెబ్ 1936లో కుల నిర్మూలనలో రాశారు. ఆ మందు అక్కడ జైలు బలవంతం మీద కొంత పడింది. అసలు ఆ దీవులు ఓంగీలవి, జరావాలవి, సెంటినలీలవి, గ్రేట్ అండమానీలవి, నికోబారీలవి, షోంపెన్‌లవి. కులం వాళ్ల మాట కాదు. తర్వాత వెళ్లిన మనవాళ్లే దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్లారు.

వీధి చివర ఒక తెలుగు కుటుంబం ఉండేది. దీవిలో తెలుగు మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది కదా, నేనే వెళ్లి పలకరించాను. ఆవిడ ఆప్యాయంగా కూర్చోబెట్టింది. ఏ ఊరమ్మా అంది. చోడవరం అన్నాను. "చోడవరంలో ఏ వైపమ్మా?" అంది.

మన విద్యార్థులకి ఈ ప్రశ్న విప్పి చెప్పక్కర్లేదు. చెప్పాను, కాలనీ అని. ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు. టీ కూడా ఇచ్చింది. ఆ తర్వాత మాత్రం ఎప్పుడు వెళ్లినా మాటలన్నీ వరండాలోనే.

2014 అక్టోబర్ 7 రాత్రి గాలి లేచింది. ఉత్తర అండమాన్ సముద్రంలో వాయుగుండం. మా వీధిలో స్లాబు వేసిన ఇల్లు ఆవిడదొక్కటే. రేకులిళ్ల వాళ్లమంతా అక్కడికే పోయాం. ఒక్కొక్కరినీ లోపలికి తీసుకున్నారు. మా దగ్గరికొచ్చేసరికి ఆవిడ, "లోపల ఉక్కగా ఉందమ్మా, మీకు ఇక్కడే హాయిగా ఉంటాది" అని వరండాలో చాప వేసింది. బయట కొబ్బరిచెట్లు నేలకి వంగి లేస్తున్నాయి. మాకు గాలి సరిపోదేమోనని ఆవిడ దిగులు!

మా ఆయన మాట్లాడలేదు. చాప చుట్టి తిరిగి ఇచ్చేసి నా చెయ్యి పట్టుకున్నాడు. బౌదీ వాళ్లు ముసలి అత్తగారిని కదపలేక రేకులింట్లోనే ఉండిపోయారు. ఆ రాత్రి వాళ్ల వంటింట్లో, ఏడుగురం, ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ కూర్చున్నాం. తెల్లారాక, 8వ తేదీ పొద్దున్న, ఆ వాయుగుండం తుపానై మాకు ఉత్తరాన లాంగ్ ఐలాండ్ మీదుగా దాటిపోయింది. దానికి హుద్‌హుద్ అని పేరు పెట్టారు. ఒమన్ దేశం ఇచ్చిన పేరు. కూకుడు గువ్వ అని అర్థం.

అది నాలుగు రోజులు సముద్రం మీద బలిసి, నేను వచ్చిన దారినే ఎదురు వెళ్లి, 12వ తేదీ మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మా అత్తిల్లు ఊపిన గాలే మా పుట్టిల్లూ ఊపింది. ఇప్పుడు అనకాపల్లి జిల్లా అంటున్నారు గానీ అప్పటికి చోడవరం విశాఖ జిల్లానే. ఫోన్లు లేవు. సెల్ టవర్లు పడిపోయాయి. ఆరు రోజులకి అమ్మ గొంతు విన్నాను. "మనుషులం ఉన్నాం అమ్మీ. ఇంటి మీద రేకులే లేవు" అంది. మా కాలనీ చెరువు గట్టు కింద. చెరుకు తోటలన్నీ నేలకి పడుకున్నాయి. చెరుకు పడితే గోవాడ ఫ్యాక్టరీ గానుగకి వెళ్లేది తగ్గుతుంది. కోత కూలికి ఆ శీతాకాలమంతా పస్తులే.

కానీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. కాలనీ ఆడవాళ్లు గుంపుగా పోయి నిలబడ్డారట. ఎస్సీ కాలనీకి బియ్యం ఎప్పుడిస్తారు, ఎస్సీ కాలనీకి రేకులు ఎప్పుడిస్తారు అని. ఇచ్చినది ఎంత, ఎప్పుడు అన్నది వేరే కథ. అడగడానికి ఒక పేరుంది. రికార్డులో ఒక గడి ఉంది. ఆ గడి ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందని నిలదీయొచ్చు.

దీవిలో నన్ను వరండాలో ఆపినదానికి ఏ రికార్డులోనూ గడి లేదు.

మన సముద్రాల్లో తుపానులకి పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితే పేరు పెడతారు. ముచ్చటకి కాదు. పేరుంటే జనం గుర్తుపడతారు, రేడియోలో చెప్పొచ్చు, ఫలానా తుపాను నష్టం ఇంత అని లెక్క కట్టొచ్చు. పేరు పెట్టకపోతే గాలి ఆగదు. లెక్క మాత్రం ఉండదు. కులం కూడా అంతే. "జాబితా లేకపోవడం మంచిదే కదా, కులం దానంతటది పోతుంది" అనే మిత్రులకి నా జవాబు ఇదే.

జాబితా అంటే ఏమిటో విద్యార్థుల కోసం చెప్తాను. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం ఏ కులాలు షెడ్యూల్డ్ కులాలో రాష్ట్రపతి రాష్ట్రాల వారీగా, కేంద్రపాలిత ప్రాంతాల వారీగా ప్రకటిస్తారు. తర్వాత ఒక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి. అండమాన్‌కి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు 1959లో వచ్చింది. షెడ్యూల్డ్ కులాలది ఇప్పటికీ లేదు. నాగాలాండ్‌కీ, అరుణాచల్‌కీ, లక్షద్వీప్‌కీ లేదు. అవి ప్రధానంగా ఆదివాసుల ప్రాంతాలు. అండమాన్‌లో ఎక్కువమంది బయటినుంచి వెళ్లినవాళ్లే, కులాలున్న ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లే.

బౌదీ సంగతి చూడండి. నీల్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది 1960ల్లో తెచ్చి కూర్చోబెట్టిన తూర్పు బెంగాల్ శరణార్థులు. అండమాన్‌కి అలా వచ్చినవాళ్లలో నమశూద్రులు చాలామంది. బౌదీ వాళ్లూ నమశూద్రులే. ఎవరు వాళ్లు? 1946లో బాబాసాహెబ్‌కి బొంబాయి నుంచి రాజ్యాంగ సభకి దారి మూసుకుపోతే, బెంగాల్ నుంచి గెలిపించి పంపింది జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెనకున్న నమశూద్ర రాజకీయం. బాబాసాహెబ్ రాజ్యాంగ సభ గడప తొక్కింది వాళ్ల చేయూతతో. పశ్చిమ బెంగాల్లో నమశూద్రులు ఎస్సీలు. నీల్‌లో కాదు. అక్కడ బెంగాలీ సెటిలర్లందర్నీ కలిపి ఓబీసీ అన్నారు. అంటరానితనం పేరు చెప్పుకునే గడి లేదు. బౌదీకి మండల్ పేరు తెలుసు. వాళ్ల మామగారు చెప్పేవారట. 341 సంగతి నేను చెప్పాను. విని, "మేము వేసిన ఓటు మా దాకా రాలేదన్నమాట" అంది.

2016 ఫిబ్రవరిలో మా పాప పుట్టింది. కొన్నాళ్లకి కుల ధ్రువపత్రం సంగతి కనుక్కుందామని ఒక ఆఫీసుకి వెళ్లాం. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. "యహాఁ ఎస్సీ హోతా హీ నహీ" అన్నాడు. ఇక్కడ ఎస్సీ అనేదే ఉండదు అని. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన పత్రం తెస్తే దాని ఆధారంగా ఏదో రాసివ్వొచ్చట, దానితో ఇక్కడ మాత్రం ఏమీ రాదట. అతను చెప్పింది నిబంధనే. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మర్రి చంద్రశేఖరరావు కేసులో ఇదే చెప్పింది. ఆ పిటిషనరు తెనాలిలో పుట్టిన మనవాడే. మన రాష్ట్రంలో ఎస్టీ. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరాడు. అక్కడ మెడికల్ సీటు దగ్గర ఆ హోదా చెల్లలేదు. ఒక రాష్ట్రంలోని వెనుకబాటు ఇంకో రాష్ట్రానికి వెంట రాదన్నారు.

మా ఆయన పుట్టిందే దీవిలో. సొంత ఊళ్లో మామగారికి సెంటు భూమి లేదు, రేషన్ కార్డు లేదు. తండ్రి పేరు మీద ఉన్న ఒక్క పాత కాగితం పట్టుకుని ఆయన చోడవరం చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో. ఇంకో తరం గడిస్తే మా పాప పిల్లలకి ఆ కాగితం కూడా ఉండదు. ఏ వైపు అని అడిగేవాళ్లు మాత్రం ఉంటారు.

ఆ డిసెంబర్‌లో మళ్లీ తుపాను పుట్టింది. తర్వాత వర్దా అయి చెన్నై మీద పడింది అదే. బోట్లు ఆగిపోయి నీల్, హేవ్‌లాక్ దీవుల్లో పద్నాలుగు వందల మంది దాకా టూరిస్టులు చిక్కుకున్నారు. హనీమూన్‌కి వచ్చిన కొత్త జంటలు ఎందరో. చేతుల నిండా ఎర్ర గాజులేసుకున్న ఒక పిల్ల మా ఇంటి ముందు ఏడుస్తుంటే పిలిచి గంజి పోశాను. వాళ్ల పేర్లు రాసుకుని నావికాదళం ఓడలు వచ్చి తీసుకెళ్లాయి. తీసుకెళ్లాలి కూడా. టీవీలు లెక్క చెప్పాయి. ఓడ వెళ్లిపోయాక మా ఆయన తెగిన తీగలు ఏరడానికి వానలోకి వెళ్లాడు.

ఆ రాత్రే అనుకున్నాం, వెళ్లిపోదామని. దీవి మీద కోపంతో కాదు. ఆ వాన మీద నాకిప్పటికీ మోజే. పాప ఒక జాబితాలో ఉండాలని వచ్చాం. అంటరానివాళ్ల జాబితాలో కూతురి పేరు ఉండాలని ఏ తల్లి కోరుకుంటుంది? నేను కోరుకున్నాను. ఎందుకంటే ఆ జాబితా మనల్ని అంటరానివాళ్లని చేయలేదు. చేసినవాళ్లని నిలదీయడానికి మనం సంపాదించుకున్న కాగితం అది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, రాబోయే జనగణనలో కులం కూడా లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. లెక్కకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. మన ఊళ్లలో ఏం రాయించాలో మన సంఘాలు చెప్తాయి. నీల్‌లో బౌదీ గుమ్మం ముందు నిలబడి కులం అడిగితే ఆమె నమశూద్ర అని చెప్తుంది. అది ఏ వర్గం కింద పడుతుంది? పోర్ట్ బ్లెయిర్‌లో మా మామగారు మాల అని చెప్తారు. ఆ దీవుల జాబితాలో ఆ పేరే లేదు కదా, ఎక్కడ వేస్తారు? దీవుల పేర్లు మార్చగలిగిన ప్రభుత్వం ఈ గడి పెట్టలేదా?

మీలో అండమాన్‌లో బంధువులున్నవాళ్లు తప్పకుండా ఉంటారు, ఉత్తరాంధ్ర పిల్లలకి మరీను. ఈ వారం ఒక ఫోన్ చేయండి. మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ మన కులాల వాళ్లు ఎంతమంది? సొంత ఊరి పత్రం ఎంతమంది దగ్గరుంది? పిల్లల్లో ఎంతమందికి లేదు? రాసి నాకు పంపండి. అవి పట్టుకుని అక్కడి ఎంపీకీ మన ఎంపీలకీ వినతిపత్రం తయారుచేద్దాం. ముసాయిదా వచ్చే ఆదివారం ఇక్కడే పెడతాను. దిద్దే పని మీది.

జై భీమ్.